మైకులో వచ్చిన గొంతు

పట్టపుపాలెం గురవమ్మ చివరికి తల ఊపిందన్న సంగతి పోయిన వారం చూశాం. రెండున్నరేళ్ల కిందట కార్తీకమాసపు తుఫానులో పడవ తిరగబడి, మొగుడు పోలేరయ్య, తోడబుట్టిన తమ్ముడు హజరత్తయ్య ఒక్కరోజే పోయారు. తమ్ముడి శవం మూడోనాడు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొగుడి శవం రాలేదు. ఏడాదిపాటు చూసి, ఆయన తలగుడ్డ పెట్టి కర్మ చేశారు. ఆ మీదట పాలెంలో ఉండలేక, ఆ అలల చప్పుడు వినలేక, గురవమ్మ నెల్లూరు చేరి, మిషను బడిలో చేసి రిటైరైన రెబెక్కమ్మ టీచరుగారింట్లో పనికి కుదిరింది. పోలేరయ్య తండ్రి, మామ ముత్యాలయ్య ఏడాదిగా వెంటపడి వెంటపడి, అల్లూరు దగ్గరి పెంచలయ్యతో మారుమనువు కుదిర్చాడు. పెంచలయ్య పెళ్లాం పోయిన మనిషి, నెమ్మదస్తుడు. శుక్రవారం ముహూర్తం. "సరే మామా, నీ ఇష్టం" అన్నది గురవమ్మ. అన్న రోజు నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

ఇవాళ మంగళవారం. ఆమెను పాలెం తీసుకుపోవడానికి ముత్యాలయ్య మధ్యాహ్నం బస్సులో దిగాడు. తెల్లవారి ప్రయాణం.

నెల్లూరులో వేసవి సంబరాలు మొదలై అప్పటికి ఎనిమిది రోజులైంది. పగలంతా ఊరు తలుపులు వేసుకుని పడుకునేది. పొద్దు వాలీ వాలకముందే హైస్కూలు మైదానంలోకి జనం కదిలేవాళ్లు. పినాకినీ కళామండలివాళ్లు వెదురుబొంగులు పాతి, తాటాకు పందిళ్లు వేసి, ట్యూబులైట్లు కట్టారు. ఒక పక్క కబడ్డీ. ఒక పక్క ఆడవాళ్ల కుట్టుపనుల ప్రదర్శన. గూడూరు నిమ్మకాయల సోడా దగ్గర తోపులాట. వేదిక మీద ఒకరోజు బుర్రకథ, ఒకరోజు నాటకం, ఒకరోజు పాటకచేరీ. నిన్నటి నాటకంలో రాజు మీసం ఊడి కింద పడితే, సేనాపతి వంగి తీసి దండం పెట్టి ఇచ్చాడని ఊరంతా ఇంకా చెప్పుకుని నవ్వుతోంది.

ఆడవాళ్ల విభాగం రెబెక్కమ్మగారిది. తెల్లచీర, మోచేతి దాకా జాకెట్టు, చంకలో గొడుగుతో ఆమె మైదానమంతా కలయదిరిగేది. మొదటిరోజే గురవమ్మను వెంటబెట్టుకొచ్చి చలివేంద్రంలో కూర్చోబెట్టింది. తడిగుడ్డ చుట్టిన ఆరు కుండలు, వాటిలో వట్టివేళ్లు, ముంచి పొయ్యడానికి కొబ్బరిచిప్ప గరిటె. దోసిలి పట్టినవాళ్లకల్లా నీళ్లు పొయ్యడం గురవమ్మ పని. ఆ పని ఆమెకు నచ్చింది. ఎవరూ ఏమీ అడగరు. తాగి, మూతి తుడుచుకుని, "చల్లగా ఉండమ్మా" అని పోతారు.

ఆ సాయంత్రం జోలపాటల పోటీ జరిగింది. పేర్లు ఇచ్చినవాళ్లు తక్కువై, రెబెక్కమ్మగారు చలివేంద్రం దగ్గరికి వచ్చింది.

"నువ్వు పాడగూడదా గురవమ్మా? వంటింట్లో కూనిరాగం తీస్తుంటావు, నేను వినలేదనుకున్నావా?"

"ఎవురికని పాడేది టీచరమ్మా?" అన్నది గురవమ్మ.

రెబెక్కమ్మగారు ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది.

పొద్దు గుంకింది. ట్యూబులైట్లు వెలిగాయి. ముత్యాలయ్య చలివేంద్రం పక్కనే, పందిరి గుంజకు ఆనుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు పెనవేసుకుని ఇసుకలో కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఆయన ఎక్కువ మాట్లాడలేదు. పెంచలయ్య ఇంటికి కొత్తగా తాటాకు కప్పించాడని, వాకిట్లో మల్లెచెట్టు పెట్టించాడని రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. మల్లెచెట్టు మాట విని గురవమ్మ, పెంచలయ్య చెడ్డవాడయితే ఎంత బాగుండేదో అనుకున్నది. తిట్టుకోడానికయినా వీలుండేది.

మైకులో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మన కాలేజీ లెక్చరరు విజయభాస్కర్ గారు, మన జిల్లా సముద్రతీరంలో తాము సేకరించిన జాలరి పాటలను టేపు రికార్డరు ద్వారా వినిపిస్తారు. దయచేసి అందరూ నిశ్శబ్దంగా ఉండవలసిందిగా కోరుతున్నాము."

జనం నిశ్శబ్దంగా ఏమీ లేరు. మనిషి కనపడకుండా పాట ఏమిటని కొందరు లేచి సోడాల వైపు నడిచారు. స్తంభానికి కట్టిన మైకు గరగరమన్నది. ఆ గరగరలోంచి పాట లేచింది.

*గాలి తిరిగిందిరా తమ్ముడా — ఏలో!*
*వల బరువెక్కెరా తమ్ముడా — ఏలో!*

గురవమ్మ అప్పుడు ఒక రిక్షా అతనికి నీళ్లు పోస్తున్నది. పాట చెవిన పడగానే చెయ్యి కొంచెం ఆగింది. పాలెంలో ప్రతి పొద్దూ విన్న పాటే. చిన్నప్పుడు నాయన వెనక, పెద్దయ్యాక అత్తింటివాళ్ల వెనక నిలబడి విన్న పాటే. ఏదో ఒక పాలెం వాళ్లు పాడుంటారు, దీనికేముంది అనుకుని మళ్లీ గరిటె వంచింది.

నాలుగో చరణం దగ్గర పాట ఎత్తుకునే మనిషి మారాడు. పదిమంది "ఏలో" అని అందుకున్నారు. పదిమందీ వదిలేశారు. ఒక్క గొంతు మాత్రం వదల్లేదు. తాడు చివర ఇంకా చేతిలోనే ఉన్నట్టు, ఇంకో ఊపిరి దూరం లాగి, అప్పుడు వదిలింది.

గురవమ్మ పోస్తున్న నీళ్లు రిక్షా అతని దోసిలి దాటి, మోచేతుల మీదుగా కారి, ఇసుకలో పడుతున్నాయి.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె చీకట్లో ఒడ్డుకు పోయి నిలబడేది. నీళ్ల మీద నల్లగా ఏడెనిమిది పడవలు. అందులో తమది ఏదో కంటికి తెలిసేది కాదు. ఆ సాగదీసిన "ఏలో" వినపడితే తెలిసేది. "అందరూ ఆపినాక నువ్వొక్కడివే ఎందుకట్టా లాగుతావు?" అని ఒకసారి అడిగింది. "నువ్వు ఒడ్డున ఉండావు గదా, నీకు వినపడాల గదా" అన్నాడు పోలేరయ్య.

పాట అయిపోయింది. మైకులో మళ్లీ గరగర. ఆ గరగరలో ఎవరో దగ్గి, కొంచెం నవ్వుతూ అన్నారు: "సాలునా సామీ? ఇంకోటి అందుకోమంటారా?"

టక్కుమన్నది. జనం చప్పట్లు కొట్టారు.

"అమ్మా, నీళ్లు..." అంటున్నాడు రిక్షా అతను. గురవమ్మ గరిటె కుండలో వదిలేసి, జనాన్ని తోసుకుంటూ వేదిక వెనక్కి పరిగెత్తింది.

వేదిక వెనక బల్ల మీద టేపు రికార్డరు పెట్టుకుని విజయభాస్కర్ చెమట తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, బక్కగా ఉంటాడు, కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటాయి. జనం సగంలో లేచిపోతున్నారని ఆయన మనసు అప్పటికే చిన్నబోయి ఉంది. ఎదురుగా ఒక ఆడమనిషి, జుట్టు చెదిరి, రొప్పుతూ వచ్చి నిలబడింది.

"అయ్యా, ఆ పాట మళ్లీ పెట్టండి."

"రేపు సాయంత్రం మళ్లీ వేస్తామమ్మా. ఇప్పుడు వేరే కార్యక్రమం..."

"రేపు నేనుండను. పాటంతా వొద్దు. చివర మాట్టాడినాడే, ఆ మనిషిది పెట్టండి చాలు."

"ఎందుకమ్మా?"

"ఆయన నా పెనిమిటి."

విజయభాస్కర్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అట్లాగా! చాలా బాగా పాడతారమ్మా ఆయన. ఆయన కూడా వచ్చారా?"

"సముద్రంలో పోయినాడయ్యా. రెండున్నరేళ్లయింది."

ఆయన టేపు చక్రాలు వెనక్కి తిప్పాడు. బయటికి వినపడకుండా చప్పుడు తగ్గించాడు. గురవమ్మ బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆ పెట్టెకు ఆనించింది. పాట వచ్చింది. ఆ లాగుడు వచ్చింది. దగ్గు వచ్చింది. "సాలునా సామీ?"

"ఇంకొక్కసారి," అన్నది.

విజయభాస్కర్ మళ్లీ తిప్పాడు. మూడోసారి ఆమె అడగకుండానే తిప్పాడు.

గురవమ్మ కళ్లు మూసుకుంది. కర్మ చేసిన రోజున కూడా ఆమె ఇంత ఏడవలేదు. మనిషి పోయాక మొహం గుర్తుంటుంది, నడక గుర్తుంటుంది, గొంతు మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకదు. ఎన్నో పొద్దులు ఆమె కుంపటి ముందు కూర్చుని ఆ గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూసి, రాక, తన్ను తాను తిట్టుకుంది. అది ఇక్కడ, ఈ పెట్టెలో, చెక్కుచెదరకుండా ఉంది. ఈ కళ్లద్దాల అయ్యవారు ఏ జన్మలో చుట్టమో, తన కోసం దాచిపెట్టాడు.

"మీకు పుణ్యముంటాదయ్యా," అన్నది కళ్లు తుడుచుకుంటూ. "మా పాలెం ఎప్పుడొచ్చినారు మీరు? ఇంత పెట్టె తెస్తే ఊరంతా మూగుంటారే. నేనెట్టా చూళ్లేదు?"

"మీ పాలెం ఎక్కడమ్మా?"

"బోగోలు కాడ."

"బోగోలు వైపు నేనింకా రానేలేదే." ఆయన టేపు పెట్టుకునే అట్టపెట్టె తీసి, దాని మీద రాసుకున్నది వెలుతురులో పట్టి చూశాడు. "ఇది పులికాట్ సరస్సులో తీసింది. ఇరకం దీవిలో. శివరాత్రి వెళ్లిన మూడోనాడు."

"ఏ శివరాత్రి?"

"మొన్నటి శివరాత్రే. మూడు నెలలయింది."

గురవమ్మ వేళ్లు మడిచింది. శివరాత్రి నుంచి వెనక్కి, కార్తీకం దాకా. ఆ పైన ఇంకో కార్తీకం. ఆ పైన ఇంకోటి. వేళ్లు సరిపోయాయి గానీ బుర్ర సరిపోలేదు.

అప్పటికి రెబెక్కమ్మగారు వెతుక్కుంటూ వచ్చింది. విజయభాస్కర్ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆమె కొంగుతో గురవమ్మ మొహం తుడిచి మెల్లిగా అన్నది. "గొంతులు పోలుతాయి గురవమ్మా. అందులోనూ మైకులో అందరి గొంతూ ఒకటే మాదిరి ఉంటుంది. లేని ఆశ పెట్టుకోబాకు. శుక్రవారం నీకు శుభకార్యం."

"మనుషులు పోలుతారేమో టీచరమ్మా," అన్నది గురవమ్మ. "ఆ గొంతుకు నేను ఏడేళ్లు తలుపు తీసినా."



"ఒక సంగతి చెప్పనా అమ్మా?" అన్నాడు విజయభాస్కర్ తటపటాయిస్తూ. "ఆ దీవివాళ్లకు అసలు ఈ పాట లేదు. సరస్సులో ఇంత పెద్ద వలలు లాగే పని లేదు గదా. బయటి ఊరి నుంచి వచ్చిన మనిషి ఒకతను నేర్పాడని చెప్పారు. అందుకే నాకు వింతగా అనిపించి టేపు చేసుకున్నాను."

ఇంతలో వేదిక మీద ఆయనకు శాలువా కప్పుతామని పిలిచారు. ఆయన వెళ్లలేక వెళ్లాడు.

గురవమ్మ లేచి నిలబడింది. తిరిగి చూసేసరికి, వెదురు తడిక పక్కన ముత్యాలయ్య ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

"మామా!" అని ఆమె ఒక్క అంగలో దగ్గరికి పోయి చేతులు పట్టుకుంది. "మామా, విన్నావా? బతికుండాడు మామా. నీ కొడుకు బతికుండాడు!"

ముత్యాలయ్య తల ఎత్తలేదు.

గురవమ్మ చేతుల పట్టు నెమ్మదిగా సడలింది. ఆ ముసలాయన మొహం ఆమెకు బాగా తెలుసు. చేపల గంప దింపుకునేటప్పుడు ఎట్లా ఉంటుందో, తుఫాను కబురు విన్నప్పుడు ఎట్లా అయిందో కళ్లారా చూసింది. ఇప్పుడు ఆ మొహంలో దుఃఖం ఉంది, సిగ్గు ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

"నీకు ముందే తెలుసు," అన్నది.

ఆయన తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు.

"మామా, నా మొహం చూసి చెప్పు. తెలుసు గదా?"

"పోయిన ఏడు వైశాఖంలో," అన్నాడు ముత్యాలయ్య. "సూళ్లూరుపేట సంతలో. వలనూలు కోసరం పోయినా. ఎదురుగా వచ్చినాడు. గడ్డం పెంచుండాడు. నేను ఆనవాలు పట్టలేదు. వాడే వచ్చి కాళ్లు పట్టుకున్నాడు."

"ఏడాది!" అన్నది గురవమ్మ. "ఏడాది నా ఎదురుగా కూసోని, నా చేతి కూడు తిని... పెంచలయ్య మంచోడు, పెంచలయ్య ఇల్లు కప్పించినాడు అని చెప్తివే! మొగుడు బతికుండంగా నాకు మారుమనువు చెయ్యాలని ఎట్ట అనిపించింది మామా నీకు?"

రెబెక్కమ్మగారు "మెల్లిగా, మెల్లిగా" అంటూ తడిక దగ్గరికి జరిపింది. అవతల జనం చప్పట్లు కొడుతున్నారు.

"వాణ్ణి ఊళ్లోకి రాబాకమన్నది నేనే," అన్నాడు ముత్యాలయ్య.

ఆ మాటకు గురవమ్మ రెండు అడుగులు వెనక్కి వేసింది.

"ఎందుకు?"

"నువ్వు బతకాలని."

"నేను బతికుండానా మామా? చూసి చెప్పు. దీన్ని బతుకంటారా?"

ముసలాయన ఇసుకలో కూలబడ్డాడు. తలగుడ్డను చేతుల్లో మెలిపెడుతూ, ఎవరికో అప్పజెపుతున్నట్టు చెప్పుకుపోయాడు. "పడవ తిరగబడినాక ఇద్దరూ ఒక కొయ్య పట్టుకుని తేలినారంట. నీ పెనిమిటి, నీ తమ్ముడు. ఆ పొద్దంతా, ఆ రాత్రంతా. హజరత్తుకు ఇంక చాత కాలేదంట. వీడు వాడి చెయ్యి పట్టుకునే ఉండాడు. తెల్లారతా ఉండంగా... వదిలినాడంట. 'నేనే వదిలినా నాయనా, జారిపోలేదు, నేనే వదిలినా' అన్నాడు. వీడొక్కడూ పులికాట్ వైపు కొట్టుకుపోతే దీవివాళ్లు తీసినారు. అంతా చెప్పి, 'గురవమ్మ నా మొహం చూడగలదా? నువ్వు పోయి అడిగి, కబురు చెయ్యి నాయనా. రమ్మంటే ఆ పొద్దే వస్తా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"తల ఊపినా. ఊపి వచ్చినా. బస్సులో కూసున్నాక భయమేసింది. ఈ మాట నీకు చెప్తే తమ్ముణ్ణి తలుచుకుని వాణ్ణి కొట్టనూ లేవు, మొగుణ్ణి తలుచుకుని ఏడవనూ లేవు. రెండు పక్కలా చస్తావు. ఉండేది ఉన్నట్టు ఉండనీ అనుకున్నా. 'అడిగినా, వద్దనింది, ఇంక ఊళ్లోకి రాబాకరా' అని ఆ సంతకు పోయే మనిషి చేత కబురంపినా." ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "నేను నిన్ను అడగలేదమ్మా. అడక్కుండానే నీ నోటితో చెప్పినా."

రెబెక్కమ్మగారు "దేవుడా" అని గొణిగింది.

తమ్ముడు గుర్తొచ్చాడు గురవమ్మకు. ఇరవై రెండేళ్లు. పడవెక్కే ముందు వాడు అక్క ఇంటికొచ్చి, చద్దన్నంలో ఉల్లిపాయ కొరికి, "అక్కా, సాయంత్రానికి నాకు రెండు చేపలు పులుసులో వెయ్యి" అని పోయాడు. వాడి చెయ్యి పట్టి నడక నేర్పింది తనే. ఆ చెయ్యి ఒకరు వదిలారు. కావాలని వదిలారు. కోపం రావాలి. రావాలని ఆమె ఎదురుచూసింది.

కోపం కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. ఆయన బతికి ఉన్నాడు. ఈ క్షణాన ఎక్కడో ఒక దీవిలో, తను వద్దన్నదనుకుని, తడి చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. ఆ మాట లోపల తిరుగుతుంటే ఆమె ఒళ్లంతా వెచ్చబడింది. తమ్ముడి మొహం అట్లా కళ్ల ముందు ఉండగానే ఆ సంతోషం వచ్చినందుకు సిగ్గుతో కుంగిపోయింది. అయినా అది పోలేదు.

విజయభాస్కర్ శాలువా చంకన పెట్టుకుని తిరిగి వచ్చాడు. ముగ్గురి మొహాలూ చూసి దూరంగా ఆగాడు.

"అయ్యా," అన్నది గురవమ్మ. "ఆ దీవికి ఎట్ట పోవాల?"

"సూళ్లూరుపేట దాకా బస్సమ్మా. అక్కణ్ణుంచి తడ మీదుగా పోయి పడవెక్కాలి."

"గురవమ్మా," అన్నాడు ముత్యాలయ్య ఇసుకలోంచి. "శుక్రవారం... పెంచలయ్య..."

"పెంచలయ్యకు నువ్వే పోయి చెప్పు మామా. మంచోడు గదా, ఇంటాడు."

"పోయి ఏమంటావు వాడితో? చెయ్యి ఎందుకు వదిలినావని అడుగుతావా? ఇంటికి రమ్మంటావా?"

"నాకు తెలియదు. ముందు పోవాల. మొహం చూస్తే నోట్లో ఏ మాటుంటే అది వస్తాది." ఆమె కొంగు నడుముకు బిగించుకుంది. "టీచరమ్మా, తెల్లారి బస్సుకు నన్ను లేపండి."

"నువ్వు పడుకుంటే గదా లేపేది," అన్నది రెబెక్కమ్మగారు. ఆ తర్వాత, కొంచెం ఆగి, "ఒక్కదానివే పోబాకు. నేనూ వస్తా" అన్నది.

గురవమ్మ విజయభాస్కర్ వైపు తిరిగింది. "ఆ ఊళ్లో పోలేరయ్య ఇల్లేదంటే చెప్తారా అయ్యా?"

ఆయన సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. పాడినవాళ్ల పేర్లన్నీ అందులో రాసుకున్నాడట. వెలుతురు కిందికి జరిగి, కాగితాలు తిప్పి, వేలు పెట్టి ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చాడు. కిందిదాకా వచ్చి, మళ్లీ పైనుంచి చూశాడు.

"పోలేరయ్య అన్న పేరు ఇందులో లేదమ్మా. ఆ పాట నేర్పినతను, చివర మాట్లాడినతను... నేనే అడిగి రాసుకున్నాను, బాగా గుర్తుంది. దీవిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు." కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయన చదివాడు. "హజరత్తయ్య."

గురవమ్మ గిరుక్కున ముత్యాలయ్య వైపు తిరిగింది. ముసలాయన నోరు తెరిచి, ఆ పుస్తకం వైపే చూస్తున్నాడు. కొడుకు ఆ పేరుతో బతుకుతున్న సంగతి ఆయనకూ తెలియదు.